నేరేడు పండ్ల మరకలు, తూములో ఆకులు

ప్రశ్న: పెరట్లో పెద్ద నేరేడు చెట్టు ఉంది. కాపు మొదలైందంటే సిమెంటు గచ్చంతా చితికిన పండ్లే. ఈగలు, జారుడు, ఎంత రుద్దినా వదలని మరకలు. యాసిడ్ పొయ్యమని కొందరు, చెట్టే కొట్టేయమని కొందరు. ఏం చేయాలి?

జవాబు: చెట్టు కొట్టకండి, యాసిడ్ అసలే పొయ్యకండి. యాసిడ్ సిమెంటులోని సున్నాన్ని తినేస్తుంది. గచ్చు గరుకుతేలి, వచ్చే ఏడు రసం ఇంకా లోతుకు దిగుతుంది.

ముందు పండు గచ్చును తాకకుండా చూడాలి. కొమ్మల కింద, తలకు తగలనంత ఎత్తులో షేడ్ నెట్ (నీడ కోసం కట్టే వల) కట్టండి. మీటరుకు అడుగు చొప్పున ఒక పక్కకు వాలు ఇచ్చి, వాలు చివర తట్ట పెట్టండి. వాలు లేకుండా కడితే నడుమ పొట్టలా సాగి, పండ్లన్నీ అక్కడే చేరి, బరువుకు చిరుగుతుంది. తాళ్లు గుంజలకే కట్టండి. మానుకు తీగ బిగిస్తే, మాను లావెక్కే కొద్దీ అది బెరడులోకి దిగిపోతుంది.

తట్టను రోజూ ఖాళీ చేయాల్సిందే. పండు ఈగ పురుగులు రాలిన పండులోంచి మట్టిలోకి దిగి, అక్కడే ప్యూపాలై (ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశ), మళ్లీ ఈగలై లేస్తాయి. ఏరిన పండ్లను ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి వారం ఎండలో ఉంచండి. తర్వాత రెండడుగుల లోతున పూడ్చేయండి.

పచ్చి మరకైతే ఆరకముందే చన్నీళ్లతో కడగండి. సబ్బు తగలగానే ఊదా రంగు నీలంగా మారితే మరక వదులుతోందనుకోకండి; పండులోని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం, సబ్బులోని క్షారం తగిలితే అలా రంగు మారుతుంది, అంతే. ఎండిన మరక మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన గుడ్డ పరిచి, ప్లాస్టిక్ కప్పి, గంట తర్వాత గట్టి బ్రష్‌తో రుద్దండి. మొండి మరకకు రెండు మూడుసార్లు పడుతుంది. చేతికి గ్లవుజులు మరవద్దు. రంగు గచ్చయితే ముందు ఓ మూల వేసి చూసుకోండి. బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

కాపు అయ్యాక గచ్చు మీదికి వాలిన కొమ్మలు తీసేయొచ్చు, మొత్తం కొమ్మల్లో పావువంతు మించకుండా. మానుకు అడుగు దూరంలో కొమ్మను కింది వైపు నుంచి మూడోవంతు మందం కోసి, తర్వాత రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తే బెరడు చీలదు. మిగిలిన మోడును మాను దగ్గరి ఉబ్బుకు ఆనుకుని, ఉబ్బు తెగకుండా కోయండి. చెట్టు తల మాత్రం నరకొద్దు. అక్కడ గుంపుగా లేచే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, గాలికి విరిగిపడతాయి.

ప్రశ్న: నేరేడాకులు డాబా తూముకు అడ్డం పడుతున్నాయి. కంపోస్టు గుంతలో వేస్తే నెలలు గడిచినా అలాగే ఉంటున్నాయి.

జవాబు: తూము మీద బల్లపరుపు జాలీ ఉంటే నాలుగు తడి ఆకులు చాలు, మూసుకుపోతుంది. గోపురంలా పైకి లేచిన జాలీ పెట్టండి, ఆకులు చుట్టూ చేరినా నీరు పైనుంచి దిగుతుంది. నేరేడాకు తోలులా మందం, పైగా నున్నన. అట్టలా ఒకదానికొకటి అతుక్కుని గాలి ఆడనివ్వదు. ముక్కలుగా నలగ్గొట్టి, మూడు పాళ్ల ఎండాకుకు ఒక పాలు పచ్చిగడ్డి గానీ పేడ గానీ కలపండి. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ఆ తడి చాలు. పదిహేను రోజులకోసారి తిరగేయండి.