టెక్ సందేహాలు: మాయమయ్యే రూపాయలు, ఎక్సెల్‌లో శ్రమ విలువ

ప్రశ్న: 500 మందికి తలా 100 రూపాయలు ఇచ్చి, ప్రతిసారీ ఇద్దరిని లాటరీలా ఎంచి, ఒకరు ఇంకొకరికి ఒక రూపాయి ఇచ్చేలా పైథాన్‌లో ప్రోగ్రాం రాశాను. చివరికి గినీ సూచిక (అసమానతకు కొలత: అందరికీ సమానంగా ఉంటే 0, అంతా ఒక్కడిదైతే 1) 0.5 దగ్గర ఆగుతుందని చదివాను. లక్ష లావాదేవీలయ్యాక కూడా నాకు 0.11 మించడం లేదు. వేగం కోసం నంపై (పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే లైబ్రరీ) లోకి మారిస్తే మొత్తం సొమ్ము 50,000 దగ్గర నిలవకుండా పెరుగుతోంది, తగ్గుతోంది. తప్పెక్కడ? (వేళచ్చేరి, చెన్నై)

జవాబు: రెండూ వేర్వేరు సంగతులు. మొదటిది అసలు తప్పే కాదు, తొందర. లక్ష లావాదేవీలంటే ఒక్కొక్కరి వంతుకు 400 వస్తాయి. రూపాయి చొప్పున 400 సార్లు అటూ ఇటూ ఊగితే సగటున చేరే దూరం 400కు వర్గమూలం, అంటే 20 రూపాయలు. మీవాళ్లలో ఎక్కువమంది ఇంకా 80, 120 మధ్యే తిరుగుతున్నారు. ఈ ఆటలో అసమానత స్థిరపడేది కొందరి జేబు సున్నాకు కొట్టుకున్నాకే. లేనివాడు ఇవ్వలేడన్న ఒక్క షరతే అక్కడ పనిచేస్తుంది. ఆ గోడ దాకా మీవాళ్లింకా రాలేదు.

దూరం పదింతలైతే పట్టే కాలం నూరింతలు. కాబట్టి రూపాయి బదులు పది రూపాయల నోటు చేతులు మారనివ్వండి, తలా పది నోట్లతో మొదలుపెట్టండి. 20 లక్షల లావాదేవీలకు గినీ 0.52 చుట్టూ ఆడుతుంది. సరిగ్గా 0.5 ఎందుకు కాదంటారేమో. చిల్లర లేని పది నోట్ల ఆటకు లెక్క ప్రకారం వచ్చేదే 11/21, అంటే 0.524. నోటు చిన్నదయ్యేకొద్దీ 0.5కు దగ్గరవుతుంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్తలు ద్రాగులెస్కు, యాకొవెంకో 2000లో రాసిన పత్రంలో చూపింది ఈ ఘాతీయ పంపిణీనే (సొమ్ము పెరిగేకొద్దీ, అంత ఉన్నవారి సంఖ్య ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోవడం).

రెండోది మాత్రం నిజమైన బగ్. ఇచ్చేవారి జాబితా ఒకటి, పుచ్చుకునేవారి జాబితా ఒకటి చేసి, నంపైలో ఒకే వరుసలో ప్లస్ ఈక్వల్ (+=), మైనస్ ఈక్వల్ (-=) రాసి ఉంటారు. ఒకే మనిషి పేరు జాబితాలో మూడుసార్లు ఉన్నా నంపై ఒక్కసారే కలుపుతుంది, ఒక్కసారే తీసేస్తుంది. మిగతా రెండూ గాల్లో కలిసిపోతాయి. పుచ్చుకునేవైపు పోతే సొమ్ము తరుగుతుంది, ఇచ్చేవైపు పోతే పెరుగుతుంది. ఎర్రర్ కూడా చూపదు, అదీ దీనితో చిక్కు. ఆడ్ డాట్ యాట్ (np.add.at) అనే ఫంక్షన్ వాడితే ప్రతి పేరునూ విడిగా లెక్కిస్తుంది. అంతకంటే తేలికైన దారి: ప్రతి రౌండులోనూ 500 మందినీ పేకముక్కల్లా కలిపేసి, మొదటి 250 మంది ఇచ్చేవారు, చివరి 250 మంది పుచ్చుకునేవారు అనండి. పేరు రెండోసారి వచ్చే ప్రసక్తే లేదు, తనకు తానే ఇచ్చుకునే గొడవా ఉండదు. ఇలా 8,000 రౌండ్లు తిప్పితే 20 లక్షలు. ప్రతి వెయ్యి రౌండ్లకోసారి మొత్తం కూడి చూసి, తేడా వస్తే ప్రోగ్రాం ఆగిపోయేలా అసర్ట్ వరుస ఒకటి పెట్టండి. సొమ్మును పూర్ణాంకాల్లోనే ఉంచండి. దశాంశాల్లో పెడితే 0.1ని పదిసార్లు కూడినా సరిగ్గా 1 రాదు, అసర్ట్ ఊరికే అరుస్తుంది.

ఇది కుదిరాక ఒక్క వరుస మార్చి చూడండి. స్థిరమైన నోటు బదులు, ఇద్దరిలో పేదవాడి దగ్గరున్న సొమ్ములో ఐదో వంతు పందెం, బొమ్మా బొరుసుతో తేల్చడం (ఇక్కడ దశాంశాలు తప్పవు కాబట్టి, అసర్ట్‌లో చిన్న తేడాను మన్నించండి). నాణెంలో మోసం లేదు, ఎవరికీ తెలివితేటలు ఎక్కువ లేవు. అయినా గినీ 0.5 దగ్గర ఆగదు, 1 వైపు పాకుతూనే ఉంటుంది, చివరికి సొమ్మంతా ఒక్కడి దగ్గర పోగవుతుంది. కారణం గుణకారంలో ఉంది: 20 శాతం గెలిచి 20 శాతం ఓడితే 1.2ను 0.8తో గుణించి 0.96, అంటే నాలుగు శాతం నష్టం. పేదవాడికి పందెం ఎప్పుడూ తన ఆస్తిలో ఐదో వంతు, ధనికుడికి అది చిల్లర. భౌతిక శాస్త్రవేత్త అనిర్బన్ చక్రవర్తి 2002లో పరిశీలించిన నమూనా ఈ తరహాదే. రౌండుకు ఒక శాతం పన్ను వసూలు చేసి అందరికీ సమానంగా పంచే వరుస చేరిస్తే పోగవడం ఆగుతుంది. పన్ను రేటును మారుస్తూ గినీ గ్రాఫ్ గీయండి, ఒక ఆదివారం దానికే చాలు.

అయితే ఈ ఆటలో ఉత్పత్తి లేదు, కూలి లేదు, యజమాని లేడు. గ్రాఫ్ చూపించి పెట్టుబడిదారీ వ్యవస్థంటే ఇదేనని ఎవరైనా వాదిస్తే నమ్మకండి. అది తెలుసుకోవాలంటే కింది ప్రశ్నలోకి రావాలి.

ప్రశ్న: యూనియన్ అధ్యయన తరగతిలో మార్క్స్ చెప్పిన శ్రమ విలువ (సరుకు తయారీకి మొత్తంగా పట్టే శ్రమ), లాభాల రేటు లెక్కలు చెప్పాలి. పైథాన్ రాదు, ఎక్సెల్ వచ్చు. ఒక షీటులో చూపించగలమా? (అంబత్తూరు పారిశ్రామికవాడ, చెన్నై)

జవాబు: చక్కగా చూపించవచ్చు. లిబ్రె ఆఫీస్ కాల్క్‌లోనూ, ఫోన్‌లోని షీట్స్‌లోనూ ఇదే పద్ధతి. రెండే సరుకులు తీసుకోండి: బియ్యం బస్తా, ఇనుప కడ్డీల కట్ట. అంకెలు కల్పితాలే, చేత్తో సరిచూసుకోవడానికి వీలుగా ఎంచినవి.

బి నిలువు వరుస బియ్యానికి, సి ఇనుముకు. రెండో అడ్డు వరుసలో ఒక్కో సరుకుకు ఖర్చయ్యే బియ్యం: 0.2, 0.4. మూడో వరుసలో ఖర్చయ్యే ఇనుము: 0.1, 0.3. నాలుగో వరుసలో పట్టే పనిదినాలు: 1.2, 2. బి6లో రోజు కూలి, బియ్యం బస్తాల్లో: 0.25.

ఎనిమిదో వరుసలో రెండు సున్నాలు పెట్టండి. బి9లో ఈ సూత్రం: బి4, దానికి బి8ని బి2తో గుణించి కలపాలి, సి8ని బి3తో గుణించి కలపాలి. సి9లోనూ ఇదే, సి4, సి2, సి3లతో. పట్టికలోని గడులకు ఎఫ్4 నొక్కి డాలర్ గుర్తు పెట్టి బిగించండి, లేకపోతే కిందికి లాగినప్పుడు అవీ జారిపోతాయి. ఇప్పుడు పది పన్నెండు వరుసలు కిందికి లాగండి. బియ్యం 1.2, 1.64, 1.836, 1.925 అంటూ 2 దగ్గర, ఇనుము 2, 3.08, 3.58, 3.81 అంటూ 4 దగ్గర నిలుస్తాయి. బస్తా విలువ రెండు పనిదినాలు, కట్ట విలువ నాలుగు.

తరగతిలో ఈ వరుసల దగ్గరే కాసేపు ఆగండి. మొదటి వరుస పొలంలో చేసిన శ్రమ. రెండోదానిలో విత్తనానికీ నాగలికీ పట్టిన శ్రమ కలిసింది. మూడోదానిలో ఆ నాగలి చేయడానికి వాడిన ఇనుముకు పట్టింది. గత శ్రమ సరుకులో దాగి ఉంటుందన్న మాటను గంటసేపు ఉపన్యసించే బదులు, గడిని కిందికి లాగి చూపించవచ్చు.

చాలామంది చేసే పొరపాటు పట్టికను నిలువుగా కాక అడ్డంగా చదవడం, అంటే బి2, బి3 బదులు బి2, సి2 తీసుకోవడం. అలా చేస్తే 3.15, 3.31 వస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి, పూర్తిగా తప్పు. తనిఖీ సులువు: 2నూ 4నూ వెనక్కి పెట్టండి. 0.4, 0.4, 1.2 కలిపితే 2 రావాలి.

రోజు కూలి పావు బస్తా, దాని విలువ అర పనిదినం. మిగతా అర దినం అదనపు విలువ. దోపిడీ రేటు (అదనపు విలువను కూలి విలువతో భాగిస్తే వచ్చేది) నూరు శాతం.

ఇక రెండు రంగాల్లోనూ లాభాల రేటు సమానమయ్యే ధరలు. వేరే రెండు నిలువు వరుసల్లో 1, 2 పెట్టి మొదలుపెట్టండి (విలువల నిష్పత్తి అదే కదా). తర్వాతి వరుసలో బియ్యం గడికి: బియ్యం ధరను (0.2 + కూలి × 1.2)తో, ఇనుము ధరను 0.1తో గుణించి కూడండి. ఇనుము గడికి: బియ్యం ధరను (0.4 + కూలి × 2)తో, ఇనుము ధరను 0.3తో. ఇవి ఖర్చులు: 0.7, 1.5. రెంటినీ 0.7తో భాగిస్తే 1, 2.143. వాటితో మళ్లీ అదే పని. 2.16, తర్వాత 2.162, ఇక కదలదు. భాగించే అంకె 0.7162 దగ్గర స్థిరపడుతుంది, అంటే రూపాయి ధరలో ఖర్చు అంత. ఒకటిని దానితో భాగించి ఒకటి తీసేస్తే 0.396. రెండు రంగాల్లోనూ లాభాల రేటు 39.6 శాతం. గణితంవాళ్లు ఐగెన్ విలువ అనేది ఆ 0.7162నే. జవాబును వెనక్కి అదే గడిలో పెట్టబోతే సర్క్యులర్ రిఫరెన్స్ అంటుంది, ఎప్పుడూ కింది వరుసలోనే రాయండి.

విలువల్లో 1:2, ధరల్లో 1:2.16. బియ్యంలో సామగ్రి 0.8 దినాలు, కూలి 0.6. ఇనుములో సామగ్రి 2, కూలి 1. సామగ్రి వాటా ఎక్కువున్న ఇనుముకు సమాన లాభం దక్కాలంటే ధర విలువకంటే పైకి జరగాలి. ఆర్థికవేత్త బోర్ట్‌కీవిచ్ 1907లో తలపడిన పరివర్తన సమస్య (విలువలు ధరలుగా ఎలా మారతాయన్నది) ఇదే.

బి6లో 0.3 కొట్టండి: లాభం 29.5కు, దోపిడీ రేటు 66.7కు పడతాయి. 0.5 కొడితే రెండూ ఒకేసారి సున్నా. అదనపు విలువ ఉంటేనే లాభం ఉంటుందని జపాన్ ఆర్థికవేత్తలు ఒకిషియో, మొరిషిమా రుజువు చేసింది తెర మీద కనిపిస్తుంది. కానీ తరగతిలో చురుకైనవాళ్లు ఒక మాట అడుగుతారు, సిద్ధంగా ఉండండి. విలువల వరుసలన్నీ చెరిపేసి ధరలను 1, 1తో మొదలుపెట్టినా 39.6 మారదు. పట్టిక, కూలి తెలిస్తే చాలు. ఇటలీ ఆర్థికవేత్త స్రాఫా 1960లో చూపిన దారిలో నడిచినవారి వాదన అదే. ఎక్సెల్ ఆ తగవు తీర్చదు, తగవు ఎక్కడుందో వేలెత్తి చూపుతుంది.

ప్రశ్న: కేంద్ర గణాంక శాఖ సరఫరా-వినియోగ పట్టికలతో (ఏ పరిశ్రమ ఏది తయారుచేస్తుందో, ఏది వాడుతుందో చూపేవి) ఇదే లెక్క నంపైలో చేయబోతే ఇన్వర్స్ దగ్గర ఎర్రర్ వస్తోంది. (పెరంబూర్)

జవాబు: ఆ పట్టికలో 140 ఉత్పత్తులు, 66 పరిశ్రమలు. చతురస్రం కాని మాత్రికకు (అంకెల పట్టికకు) విలోమం, అంటే ఇన్వర్స్, లేదు. ఉత్పత్తులను పరిశ్రమల ప్రకారం గుంపులు చేసి ముందు చతురస్రం చేయండి. పాండాస్‌లో (పట్టికలు చదివే పైథాన్ లైబ్రరీ) చదివేటప్పుడు కామాలున్న అంకెలు అక్షరాలుగా దిగుతాయి, థౌజండ్స్ అనే ఆప్షన్‌లో కామా ఇవ్వండి. కలిపేసిన గడుల శీర్షికలు ఖాళీలుగా వస్తాయి, పై వరుసలు కొన్ని వదిలేయండి. ఇన్వర్స్ బదులు సాల్వ్ ఫంక్షన్ వాడితే వేగం, కచ్చితత్వం రెండూ మెరుగు. ఐగెన్ విలువలు లెక్కించే ఐగ్ ఫంక్షన్‌కు ధరల కోసం ట్రాన్స్‌పోజ్ చేసిన (అడ్డు వరుసలను నిలువుగా మార్చిన) మాత్రిక ఇవ్వాలి. వెక్టర్లు అందులో నిలువుగా ఉంటాయి, క్రమంలో ఉండవు, గుర్తులన్నీ మైనస్‌లో వచ్చినా కంగారొద్దు, మొదటిదానితో భాగించండి.

అసలు ఇబ్బంది ప్రోగ్రాంలో కాదు, మన దేశపు లెక్కల్లో ఉంది. సొంత పొలం చేసుకునే రైతు, బడ్డీకొట్టు నడిపేవాడు సంపాదించేది జీతమూ కాదు, లాభమూ కాదు. లెక్కల్లో దాని పేరు మిశ్రమ ఆదాయం. దాన్నంతా లాభం ఖాతాలో వేస్తే దేశంలోకెల్లా లాభసాటి వ్యాపారం వ్యవసాయమేనని మీ ప్రోగ్రాం ప్రకటిస్తుంది. రైతుకూలీ రేటు చొప్పున కొంత శ్రమ వాటాగా విడదీయండి, ఆ ఊహను గ్రాఫ్ కిందే రాయండి, రెండు మూడు రేట్లతో తిప్పి చూడండి.

ప్రశ్న: ఇవన్నీ చేయడానికి రిచీ స్ట్రీట్‌లో గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ కొనమంటున్నారు. అవసరమా? (ట్రిప్లికేన్)

జవాబు: అక్కర్లేదు. 140కి 140 మాత్రికైనా మెమరీలో తీసుకునేది సుమారు 157 కిలోబైట్లు, వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మంత. పాత ల్యాప్‌టాప్‌కు హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, 8 జీబీ ర్యామ్ చాలు. అదీ లేకపోతే బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ (గూగుల్ కంప్యూటర్ల మీద పైథాన్ నడిపే సేవ) తెరవండి. కాసేపు వాడకపోతే సెషన్ తెగిపోయి ఫైళ్లు పోతాయి కాబట్టి ఫలితాలను వెంటనే డ్రైవ్‌లో దాచుకోండి.