బ్యాక్‌టెస్ట్‌లో షార్ప్ 4, లైవ్‌లో నష్టం

పాత ధరల మీద పరీక్షిస్తే (బ్యాక్‌టెస్ట్) మీ ట్రేడింగ్ పద్ధతికి షార్ప్ (రిస్క్‌కు తగ్గ రాబడి కొలత) 4 వచ్చింది, లైవ్‌లో మాత్రం నష్టం ఎందుకని అడిగారు. మీ కోడ్ ఈరోజు ముగింపు ధరతో సిగ్నల్ (కొనాలా, అమ్మాలా అనే సూచన) తీసి, ఈరోజు రాబడితోనే గుణిస్తోంది. చేతికి రాని ధరతో కొన్నట్టు లెక్క. షార్ప్ 4 ఎక్కువగా అక్కడిదే.

1. పాండాస్‌లో (పైథాన్ డేటా లైబ్రరీ) పొజిషన్ కాలమ్‌కు షిఫ్ట్(1) పెట్టండి, అంటే ఒక వరుస కిందికి జరపండి; ఈరోజు సిగ్నల్ మర్నాటి రాబడికి వర్తిస్తుంది. రాబడి కాలమ్‌ను కదపొద్దు.

2. చాలామంది వదిలేసేది ఇది: జడ్-స్కోర్‌కు (ధర సగటు నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత) సగటు, ప్రామాణిక విచలనం మొత్తం డేటా మీద తీస్తే 2015 సిగ్నల్‌లోకి 2023 ధరలు చొరబడతాయి. షిఫ్ట్ పెట్టినా ఈ లీకు పోదు. రోలింగ్(252) వాడండి, అంటే ఆ రోజు వరకు ఉన్న చివరి 252 వరుసల మీదే లెక్కించండి. మొదటి 251 వరుసలు ఖాళీగా వస్తాయి. సున్నాలతో నింపకండి, తీసేయండి.

3. పొజిషన్ మారిన ప్రతిసారీ బ్రోకరేజీ, స్లిపేజీ (అనుకున్న ధరకూ దొరికిన ధరకూ తేడా) రాబడిలోంచి తీసేయండి.

సరిచూడటానికి: చివరి 100 రోజుల డేటా కోసేసి మళ్లీ నడపండి. పాత తేదీల సిగ్నల్ ఒక్కటి మారినా లీకు ఇంకా ఉన్నట్టే.