రంగులు వేయడానికి ఎమ్మెస్సీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది చదువుతోంది. లోహాల మీద తమంతట తామే అమరే అణువుల పూతలపై పరిశోధన చేస్తానంటోంది. రంగులు వేసే పనికి ఇంత చదువా? ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మేలా, నానోటెక్నాలజీ మేలా? 25 దాటితే సంబంధాలు రావని ఇంట్లో బెంగ. (ఒక తండ్రి, గాజువాక)

జవాబు: మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యమే. దాని దగ్గరకు వస్తాను.

ముందు రంగుల సంగతి. అల్యూమినియానికి గాలి తగిలితే చాలు, పైన పలుచని ఆక్సైడ్ పొర కడుతుంది. 18 కార్బన్ల తోక ఉన్న ఫాస్ఫోనిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌లో కరిగించి, అందులో అల్యూమినియం ముక్కను ముంచి ఉంచితే అణువుల తలలు ఆక్సైడ్‌ను పట్టుకుంటాయి, తోకలు పైకి లేస్తాయి. బ్రష్షు లేదు, కూలీ లేడు. పొర మందం సుమారు 2 నానోమీటర్లు (మీటరులో వంద కోట్లో వంతు ఒక నానోమీటరు). దాని మీద వేసిన నీటి బొట్టు, చామాకు మీదంత గుండ్రంగా కాకపోయినా, పరుచుకోకుండా ఉబ్బి నిలుస్తుంది. మీ అమ్మాయి ఆ బొట్టును చూసే ఉంటుంది.

అలాగని ఈ పొర ఒక్కటే బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీ ఊచలను ఉప్పుగాలి నుంచి కాపాడుతుందంటే నమ్మకండి. పైన వేసే రంగు గట్టిగా పట్టడానికి, కొత్త తరం సౌర ఘటాల్లో ఇండియం టిన్ ఆక్సైడ్ అనే, కరెంటు పారే పారదర్శక పూత మీద విద్యుదావేశాలను దాటించడానికి ఇలాంటి పొరలు పనికొస్తాయి.

ఇక నానోటెక్నాలజీ. ఆ పేరు తగిలించిన డిగ్రీలంటే నాకు గట్టి అనుమానాలే. రెండేళ్లు చదివి వచ్చిన ఒక కుర్రవాడిని గాజు పలకను ఎలా శుభ్రం చేస్తావని అడిగితే దిక్కులు చూశాడు. ఈ పూతల్లో సగం పని ఆ శుభ్రతే! చేర్చే ముందు ప్రయోగశాలకు వెళ్లండి. నీటి బొట్టు అంచు పలకతో చేసే కోణం కొలిచే పరికరం ఉందా? విద్యార్థుల చేతికి ఇస్తారా, అద్దం వెనక నుంచి చూపిస్తారా? కెమిస్ట్రీ చదివితే నెట్, గేట్ పరీక్షలు, పరవాడ ఫార్మా ఉద్యోగాలు అన్నీ అందుబాటులో ఉంటాయి. నానో వైపు తర్వాతైనా వెళ్లవచ్చు. లోహం తుప్పు మీద పనిచేయాలంటే తమిళనాడులోని కారైక్కుడిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ ఉంది. జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్. మీ మీద భారం పడదు.

ఇప్పుడు సంబంధాల మాట. కొడుకైతే చదువుకు ఈ గడువు పెట్టేవారా? కోపం తెచ్చుకోకండి, వారానికి ఇద్దరు తండ్రులను ఇదే అడుగుతుంటాను. మీ అమ్మాయి దారి తప్పలేదు, ఆలస్యమూ కాలేదు. కాలేజీలో అనుమతి తీసుకుని ఆ అల్యూమినియం ముక్కను ఒకసారి ఇంటికి తెమ్మనండి. బొట్టు మీరే వేయండి.