టెక్ సందేహాలు: లాగిన్ ఫారం ఉంది, కానీ ఫైల్‌కు తాళం లేదు

ప్రశ్న: ఖమ్మంలో మాకు డయాగ్నొస్టిక్ సెంటర్ ఉంది సార్. రిసెప్షన్, బిల్లింగ్, ల్యాబ్ కలిపి ఆరు కంప్యూటర్లు. ఒక పీసీలో షేర్ చేసిన ఫోల్డర్‌లో ఎంఎస్ యాక్సెస్ డేటాబేస్ పెట్టి అందరం వాడుతున్నాం. తెరవగానే లాగిన్ ఫారం వస్తుంది, కానీ అందరిదీ ఒకటే పాస్‌వర్డ్. బిల్లింగ్‌లో చేసే అబ్బాయి పోయిన నెల మానేశాడు. ఇకనైనా ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు ఇచ్చి, బిల్లింగ్ వాళ్లకు రిపోర్టులు కనిపించకుండా చేద్దామనుకుంటే, పాత వెర్షన్‌లో ఉన్న యూజర్లు, పర్మిషన్ల మెనూ కొత్తదాంట్లో కనిపించడం లేదు. ఎక్కడుంది?

జవాబు: ఎంత వెతికినా దొరకదండీ. 2007 వెర్షన్‌తో వచ్చిన ఏసీసీడీబీ ఫార్మాట్‌లో ఆ సౌకర్యం తీసేశారు. పాత ఎండీబీ ఫైళ్లకు మాత్రమే మిగిలింది. దాని కోసం ఫైల్‌ను వెనక్కి ఎండీబీగా మార్చుకుంటామని కొందరు రాస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పద్ధతిలో ‘అడ్మిన్’ అనే యూజర్ ప్రపంచంలోని ప్రతి కంప్యూటర్‌లోనూ ఒకటే. ఆ యూజర్ హక్కులను సరిగ్గా తీసేయకపోతే, మీరు భద్రంగా ఉందనుకున్న ఫైల్ పక్కింటి కంప్యూటర్‌లో మామూలుగా తెరుచుకునేది. చాలామంది తీసేయలేదు కూడా.

ఇదే ప్రశ్న ఎరువుల దుకాణాల నుంచి, స్కూలు ఆఫీసుల నుంచి, చిట్టీల ఆఫీసుల నుంచి నాకు వస్తూనే ఉంది. అందరూ మెనూ గురించే అడుగుతారు. ఫైల్ ఎవరి చేతికి అందుతోందో ఒక్కరూ రాయరు. నాకు టెన్షన్ అంతా అక్కడే.

యాక్సెస్ డేటాబేస్‌కు, వాడే మనిషికి మధ్య కాపలా కాసే సర్వర్ ప్రోగ్రామ్ ఏదీ ఉండదు. ప్రతి కంప్యూటర్‌లోని యాక్సెస్ నేరుగా వెళ్లి ఆ ఫైల్‌ను చదువుతుంది, రాస్తుంది. కాబట్టి బిల్లు కొట్టే మనిషికి కూడా ఆ ఫైల్ మీద చదివే, రాసే హక్కులు ఇవ్వాల్సిందే. అంతేకాదు, ఎవరైనా డేటాబేస్ తెరవగానే అదే ఫోల్డర్‌లో లాక్ ఫైల్ (ఎవరెవరు వాడుతున్నారో గుర్తుంచుకునే చిన్న ఫైల్) ఒకటి పుడుతుంది, ఆఖరి మనిషి మూయగానే పోతుంది. అందుకని ఫోల్డర్‌లో ఫైళ్లు సృష్టించే, చెరిపే హక్కు కూడా ఇవ్వాలి. ఇన్ని హక్కులున్న మనిషి ఫైల్ మొత్తాన్ని కాపీ చేసుకోకుండా ఆపే మార్గం లేదు. యాక్సెస్ ఫైల్ గరిష్ఠ పరిమాణం 2 జీబీ. మామూలు పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. మీ దగ్గర పరీక్ష చేయించుకున్న ప్రతి మనిషి పేరు, ఫోన్ నంబరు, హెచ్‌ఐవీ ఫలితంతో సహా అందులో వెళ్లిపోతాయి.

లాగిన్ ఫారం ఉంది కదా అంటారేమో. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని ఫైల్ తెరిచి చూడండి. చాలా డేటాబేసుల్లో ఆ ఫారం రానే రాదు, వివరాలు నిల్వ ఉండే టేబుళ్లన్నీ ఎదురుగా ఉంటాయి. షిఫ్ట్‌ను పనిచేయకుండా చేయవచ్చు, కానీ వేరే డేటాబేస్ నుంచి నాలుగు లైన్ల కోడ్‌తో మళ్లీ పనిచేయించవచ్చు. డేటాబేస్ పాస్‌వర్డ్ పెడితే ఫైల్ ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మారుతుంది. అది మంచిదే, హార్డ్‌డిస్క్ బయటివాళ్ల చేతిలో పడినప్పుడు ఆదుకుంటుంది. కానీ ఫారాలు ఒక ఫైల్‌లో, టేబుళ్లు ఇంకో ఫైల్‌లో పెట్టి లింక్ చేసినప్పుడు ఆ పాస్‌వర్డ్ ఫారాల ఫైల్‌లోనే చదవగలిగే అక్షరాల్లో నిల్వ ఉంటుంది. లోపలి మనిషికి అది అడ్డం కాదు.

అయినా ఫైల్‌ను అలా రెండుగా విడగొట్టండి. అందరూ ఒకే ఫైల్‌లోని ఫారాలు తెరిస్తే ఎప్పుడో ఒకరోజు అది పాడవుతుంది. ఫారాల ఫైల్ కాపీ ఒక్కో కంప్యూటర్‌లో, టేబుళ్లు షేర్డ్ ఫోల్డర్‌లో ఉండాలి. ఫైల్ ఉన్న పీసీలో ఒక్కొక్కరికీ వేరే విండోస్ యూజర్ తెరవండి. షేర్ పర్మిషన్లలోంచి ‘ఎవ్రీవన్’ (అందరికీ అనుమతి) తీసేయండి. బిల్లింగ్ టేబుళ్లు ఒక ఫోల్డర్‌లో, రిపోర్టుల టేబుళ్లు ఇంకో ఫోల్డర్‌లో వేరే ఫైళ్లుగా పెడితే, రిపోర్టుల ఫోల్డర్ హక్కును ల్యాబ్ వాళ్లకే పరిమితం చేయవచ్చు. ఇందులో ఒక నష్టం ఉంది. రెండు ఫైళ్ల మధ్య రిలేషన్‌షిప్ నియమాలను (ఒక టేబుల్‌లోని వరుసకు ఇంకో టేబుల్‌లో జత ఉండాలనేవి) యాక్సెస్ అమలు చేయదు, బిల్లు లేని రిపోర్టులు మిగిలిపోకుండా మీరే చూసుకోవాలి.

నన్నడిగితే ఇదంతా తాత్కాలికం. రోగుల వివరాలున్న టేబుళ్లను ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సర్వర్ ప్రోగ్రామ్‌లోకి మార్చండి. అది ఉచితం, 2022 వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాకా పెరగవచ్చు, మీ సెంటర్‌కు అది బోలెడు. ఫారాలు యాక్సెస్‌లోనే ఉంటాయి కాబట్టి స్టాఫ్ కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు. టేబుళ్లు తరలించే టూల్ కూడా ఉచితంగానే దొరుకుతుంది. అప్పుడు ఫైల్ ఎవరికీ కనిపించదు, అడిగిన వరుసలే వస్తాయి, ఏ టేబుల్ ఎవరు చూడాలో సర్వర్ తేలుస్తుంది. విండోస్ యూజర్‌తోనే లాగిన్ అయ్యేలా పెట్టుకుంటే లింకులో పాస్‌వర్డ్ రాయాల్సిన పనే ఉండదు. రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి) మొదట ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయకపోతే మిగతా కంప్యూటర్లకు సర్వర్ అందదు. ఆటోమేటిక్ బ్యాకప్ కోసం ఏజెంట్ (చెప్పిన టైముకు పనులు నడిపే భాగం) ఉండదు, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకోవాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. రౌటర్ వెనక హార్డ్‌డిస్క్ గుచ్చి ఆఫీసంతా వాడుకోమని అమ్మే పరికరాలు ఈమధ్య ప్రతి షాపులోనూ ఉన్నాయి. కొన్నింట్లో పెట్టె తెరవగానే గెస్ట్ యాక్సెస్ (పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా చూసే వీలు) ఆన్, పాస్‌వర్డ్ ‘అడ్మిన్’. వాడకముందే దాన్ని మార్చి తీరాలని అడగని పరికరాన్ని తయారుచేయడమే తప్పంటాను. ఒక చిన్న క్లినిక్‌కు నేను వెళ్లినప్పుడు, వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాళ్లకు ఇచ్చే వైఫై పాస్‌వర్డ్‌తోనే రోగుల ఫోల్డర్ నా ఫోన్‌లో తెరుచుకుంది. డాక్టరు గారికి చూపిస్తే ఆయన ముఖం పాలిపోయింది. అది పెట్టి వెళ్లిన మనిషి నంబరు కూడా ఆయన దగ్గర లేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. చిన్న సెంటర్‌కు అంత వేస్తారని నేననను. కానీ ఒక ఇంటి ఆడపిల్ల రిపోర్టు ఊళ్లో వాట్సాప్‌లో తిరిగితే జరిగే నష్టాన్ని ఏ జరిమానా పూడ్చదు.

ఇక మానేసిన అబ్బాయి సంగతి. ఆయన తప్పు చేశాడని నేననడం లేదు. కానీ ఆయనకు తెలిసిన పాస్‌వర్డ్ ఈ రోజుకీ పనిచేస్తోంది. ఈ సాయంత్రం కౌంటర్ మూసేలోపు దాన్ని, దాంతోపాటు వైఫై పాస్‌వర్డ్‌ను, కంప్యూటర్లలో రిమోట్ సాఫ్ట్‌వేర్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపేది) ఉంటే దాని పాస్‌వర్డ్‌ను కూడా మార్చేయండి.