రేస్ పట్టేసిన కారు: తప్పు నాదా, మెకానిక్‌దా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాది 1998 మోడల్ మారుతి 800. రేస్ పట్టేస్తోందంటే (యాక్సిలరేటర్ ఇరుక్కుపోతోందంటే) మెకానిక్ కార్బోరేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కు పంపే భాగం) దించి కడిగి ₹2,800 తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు, ఫోన్‌పే చేశాను. పది రోజులకు నయీంనగర్‌లో కాలు తీసినా రేస్ దిగలేదు. ఆగి ఉన్న స్కూటీని గుద్దాను, దానిపై కూర్చున్నాయన చేతికి చిన్న దెబ్బ తగిలింది. కేసు పెట్టారు, కారు స్టేషన్‌లో ఉంది. మెకానిక్‌ను అడిగితే "పాత బండికి గ్యారంటీ ఏముంటది సార్" అంటున్నాడు. కారు రాగానే వేరేచోట బాగు చేయించుకుంటాను. ఖర్చు రాబట్టుకోవచ్చా?

జవాబు: రాబట్టుకోవచ్చు. కానీ మీరు చివర్లో రాసిన ఆ బాగు చేయించే పని మాత్రం అప్పుడే పెట్టుకోకండి. రేస్ ఎక్కడ పట్టిందో తేలకముందే విప్పేస్తే రుజువు పోయినట్టే.

ముందు స్టేషన్ సంగతి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బ్రేకు, స్టీరింగ్ చూసి "మెకానికల్ లోపం లేదు" అని రాసేస్తే తర్వాత మీ మాట నిలవడం కష్టం. రేస్ కేబుల్, కార్బోరేటర్ కూడా చూడాలని ఇవాళే ఎస్ఐ గారికి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి.

కారు చేతికొచ్చాక తెలిసిన ఇంకో మెకానిక్‌తో, ఇద్దరు సాక్షుల ముందు వీడియో తీస్తూ చూపించండి. ఇంజన్ ఆపి ఒకరు పెడల్ తొక్కి వదలాలి, ఇంకొకరు కార్బోరేటర్ పక్కనున్న లివర్‌ను చూడాలి. తర్వాత అక్కడ కేబుల్ ఊడదీసి లివర్‌ను వేలితో తెరిచి వదలాలి. టక్కున మూసుకుంటే గొడవ కేబుల్‌లోనో పెడల్ దగ్గరో ఉంది. సగంలో ఆగితే స్ప్రింగు నీరసించిందో, లోపల గాలిదారిని తెరిచి మూసే రేకుకు (బటర్‌ఫ్లై వాల్వు) మసి పట్టిందో అనుకోవాలి. కేబుల్‌లో తెగిన పోగు గొట్టంలో అడ్డం పడితే ఒకసారి పడుతుంది, ఒకసారి వదులుతుంది. రేస్ పడుతోందని తెచ్చిన బండికి కేబుల్ చూడకుండా కార్బోరేటర్ కడిగి పంపితే అది సేవాలోపమే. నా పాత కారు రేస్ కూడా ఒకసారి ఇరుక్కుంది. మెకానిక్ మీద గంటసేపు అరిచాక తేలింది, నేను కొత్తగా కొన్న రబ్బరు మ్యాట్ అంచు పెడల్‌కు తగులుతోందని. మీ మ్యాట్ కూడా చూసుకోండి.

ఇంకో మాట దాచకుండా చెప్పండి: ఆ పది రోజుల్లో రేస్ మళ్లీ ఒక్కసారైనా పట్టిందా? పట్టినా నడిపితే లోపం తెలిసీ నడిపినట్టు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 మీ మీదికే వస్తుంది. పట్టకపోతే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 281 (నిర్లక్ష్యంగా నడపడం), 125 (ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం) కింద మీ నిర్లక్ష్యం లేదని వాదించవచ్చు. అయితే లోపం ఉందంటే చాలదు. తగిన జాగ్రత్త తీసుకున్నా అది బయటపడలేదని చూపే భారం యజమానిదే అని 1977లో మినూ మెహతా అనే ప్రమాద నష్టపరిహారం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకు మీ ఫోన్‌పే రికార్డే ఆధారం.

స్కూటీ ఆయన నష్టం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చూసుకుంటుంది, వెంటనే కంపెనీకి తెలపండి. ఆర్‌సీ 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ అయిందా, అదీ చూడండి.

మెకానిక్ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. మీరు మెకానిక్‌కు కట్టిన మొత్తానికి ఫీజు ఉండదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది, అదీ ఫిర్యాదులో రాయండి. పాత బండైనా, గ్యారంటీ లేకపోయినా, డబ్బు తీసుకున్న పని సరిగా చేశాడా అన్నదే అక్కడ చూస్తారు.

సాక్షుల ముందు కారు చూపించే ఆ పరీక్షకు తేదీ, టైము పెట్టి, కార్బోరేటర్ కడిగిన మెకానిక్‌ను రమ్మని వాట్సాప్‌లో, స్పీడ్ పోస్టులో పంపండి. రాకపోయినా ఫరవాలేదు, పిలిచినట్టు రసీదు ఉంటే చాలు.