పన్ను నొప్పికీ క్రూయిజ్‌కీ కలిపి ఒకటే లోనా?

చెన్నై షోలింగనల్లూర్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించాను.

"సార్, నాకు నెలకు 1,12,000 చేతికొస్తుంది. మా ఆవిడ పార్ట్‌టైమ్ టీచర్, 18,000. ఇంటి లోన్ ఈఎంఐ 46,000, కారుది 13,500, బాబు స్కూలు ఖర్చు నెలకు వేసుకుంటే 9,000, ఇంటి ఖర్చు 30,000, సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసేది) 15,000. వచ్చే నెల సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ వెళ్లే 4 రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాం. విమానంతో కలిపి 1,38,000 కార్డు మీద కట్టి 12 నెలల ఈఎంఐకి మార్చాను, నెలకు 12,400 పడుతోంది. ఇప్పుడు సమస్యేంటంటే, మా ఆవిడకు ఎడమవైపు కింది దవడ పన్ను ఆరు నెలలుగా నొప్పి, కుడివైపే నములుతోంది. డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే రూట్ కెనాల్, క్యాప్ 14,500, రెండు ఫిల్లింగులు, క్లీనింగ్ 5,500, జ్ఞానదంతం తీయడానికి 6,000, ఎప్పుడో పోయిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ 38,000, మొత్తం 64,000 అన్నారు. ప్రయాణం 23 రోజుల్లో ఉంది. అక్కడి ఖర్చులకు 80,000 అనుకుంటున్నాం. సేవింగ్స్‌లో 62,000 ఉంది. ఫండ్లలో 3.9 లక్షలు ఉన్నా కాంపౌండింగ్ చెడిపోతుందని కదపదలచుకోలేదు. బ్యాంకు యాప్‌లో 1.5 లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోన్ 18 శాతానికి, 24 నెలలకు చూపిస్తోంది. అది తీసుకోనా, క్లినిక్ వాళ్ల నో కాస్ట్ ఈఎంఐ తీసుకోనా, లేక పెయిన్ కిల్లర్లతో ట్రిప్ కానిచ్చేసి వచ్చాక చూసుకోనా? ఎమర్జెన్సీకి ఆఫీసు ఇన్సూరెన్స్ 5 లక్షలు, కార్డు లిమిట్ 4 లక్షలు ఉన్నాయి."

మీ ఉత్తరానికి జవాబివ్వడానికి కారణం ఆ చివరి వాక్యమే. మీ షోలింగనల్లూర్ మీదుగా పోయే ఓఎంఆర్ రోడ్డు వెంబడి ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా ఇదే లెక్క చెబుతారు: ఆఫీసు పాలసీ ఉంది, కార్డు లిమిట్ ఉంది, ఇంకేం కావాలి అని. కార్డు లిమిట్ మీ డబ్బు కాదండీ. అది నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీకి బ్యాంకు ఇవ్వడానికి సిద్ధంగా పెట్టుకున్న అప్పు. పైగా మీ ఉద్యోగానికి ఏమైనా అయితే, లేదా రెండు ఈఎంఐలు తప్పితే, సరిగ్గా మీకు అవసరమైన రోజునే ఆ లిమిట్‌ను తగ్గించే హక్కు వాళ్లకుంది.

ముందు మీ నెల లెక్క చూద్దాం, మీరు రాశారు గానీ కూడినట్టు లేరు. వచ్చేది 1,30,000. పోయేది, క్రూయిజ్ ఈఎంఐతో కలిపి, 1,25,900. మిగిలేది 4,100. మీరు తీసుకోబోయే లోన్‌కు నెల వాయిదా దాదాపు 7,490. ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తారు? కార్డు మీద గీస్తారు, బిల్లు మొత్తం కాకుండా మినిమమ్ డ్యూ, అంటే కనీస మొత్తం, మాత్రమే కడతారు, మరుసటి నెల కొన్న పాల ప్యాకెట్‌కు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆ లోన్ మీద రెండేళ్లలో 29,700 వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే. దాంట్లో సగానికి పైగా దేనికి? ఓడ మీద ఖర్చులకి. అప్పు చేసి పప్పు కూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు, ఇక్కడైతే ఆ కూడు కూడా నమలడానికి పన్ను లేదు. టికెట్టులోనే కలిసొచ్చే బఫే ముందు కూర్చుని మీ ఆవిడ పెరుగన్నం వెతుక్కోవాలా?

ఇంకో మాట కూడా సూటిగా చెప్తాను. ఆరు నెలలుగా నొప్పి పెడుతున్న పన్ను ఎమర్జెన్సీ కాదు. అది వచ్చి ఆరు నెలలైన బిల్లు. మొదట్లోనే చూపించి ఉంటే చిన్న ఫిల్లింగుతో పోయేదేమో, ఇప్పుడు వేరు దాకా వెళ్లింది. ఇంట్లో ఆడవాళ్ల పన్ను, మోకాలు, కళ్లద్దాలు ఇవన్నీ "తర్వాత చూద్దాంలే" జాబితాలోకి వెళ్లడం, క్రూయిజ్ మాత్రం ఆఫర్ పోతుందని ఆ రాత్రికే బుక్కవడం నేను చాలా ఇళ్లలో చూస్తున్నాను. దీనికి కారణం డబ్బు లేకపోవడం కాదు. దేనికీ పేరు పెట్టి పక్కన ఉంచిన డబ్బు లేకపోవడం.

ఇప్పుడు మీరు అడిగిన మూడు దారులూ.

పెయిన్ కిల్లర్లతో కానిచ్చేయడం అన్నిటికంటే ఖరీదైన దారి. క్రూయిజ్ ఓడల్లో డాక్టరు, నర్సులు ఉంటారు గానీ సాధారణంగా డెంటిస్ట్ ఉండడు. రాత్రి రెండింటికి దవడ వాచి మెడికల్ సెంటర్‌కి వెళ్తే నొప్పికో ఇంజెక్షన్, యాంటీబయాటిక్ ఇచ్చి, వచ్చే రేవులో డెంటిస్ట్‌ను చూసుకోండి అంటారు. ఆ కాస్త చూపుకే వంద డాలర్లకు పైన పడటం మామూలు, అదీ నేరుగా మీ క్యాబిన్ ఖాతాకు ఎక్కుతుంది, ఆ ఖాతా మీ కార్డుకు కట్టేసి ఉంటుంది, మీ కార్డు దాని మీద రెండు నుంచి మూడున్నర శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చు మీద అదనపు ఛార్జీ), ఆ మార్కప్ మీద జీఎస్టీ వేసుకుంటుంది. ఓడ ఎక్కేటప్పుడే ఖర్చుల కోసం కార్డు మీద కొంత మొత్తం హోల్డ్ పెడతారు కాబట్టి మీరు ఎమర్జెన్సీ ఫండ్ అనుకుంటున్న ఆ 4 లక్షల లిమిట్ కూడా పూర్తిగా చేతిలో ఉండదు. ఇక ఫుకెట్‌లో దిగి డెంటిస్ట్‌ను వెతుక్కున్నా, సాయంత్రం చెప్పిన టైముకు ఓడ కదిలిపోతుంది, కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నవాళ్ల కోసం ఆగదు. విమానంలో గాలి ఒత్తిడి మారినప్పుడు పాడైన పన్ను, సగంలో ఆపిన పన్ను నొప్పి పుట్టించవచ్చని డెంటిస్టులే చెబుతారు. చెన్నై నుంచి సింగపూర్ పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మళ్లీ నాలుగు.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. మీ ఆఫీసు పాలసీ తీసి చదవండి. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప పళ్ల చికిత్స అందులో మామూలుగా ఉండదు. కొన్ని కంపెనీలు ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) కింద కొంచెం ఇస్తాయి, హెచ్ఆర్‌ను అడగండి, ఉంటే అదృష్టం. ట్రావెల్ పాలసీలో డెంటల్ అని ఉంటుంది, అదే చూసి చాలామంది ధైర్యంగా ఎక్కేస్తారు. అది ప్రయాణంలో అకస్మాత్తుగా వచ్చిన నొప్పిని తగ్గించడానికి మాత్రమే, అదీ కొన్ని వందల డాలర్ల పరిమితితో, మొదటి కొంత మీరు కట్టుకున్నాక. ముందు నుంచే ఉన్న సమస్యకు ఇవ్వరు. మీ విషయంలో అది ముందు నుంచే ఉందనడానికి 64,000 అంచనా కాగితం, తేదీతో సహా, మీ దగ్గరే ఉంది. దాచి క్లెయిమ్ చేద్దామన్న ఆలోచన వద్దు. అలాగని ట్రావెల్ పాలసీ మానకండి, ముగ్గురికీ తప్పకుండా తీసుకోండి, అది పన్ను కోసం కాదు, ఓడ మీద గుండెనొప్పో కాలు విరగడమో జరిగి ఒడ్డుకు తరలించాల్సి వస్తే అయ్యే బిల్లు కోసం.

క్లినిక్ నో కాస్ట్ ఈఎంఐ సంగతి. రిసెప్షన్‌లో ట్యాబ్ ముందుకు జరిపి, పాన్ నంబర్ కొట్టి, "ఓటీపీ చెప్పండి సార్" అంటారు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ రెండు నిమిషాల్లో మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ లోన్ పుట్టింది, మీ అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రికార్డులో కనిపిస్తుంది. డబ్బు మొత్తం క్లినిక్‌కు ముందే వెళ్లిపోతుంది. ఇంప్లాంట్ మధ్యలో డాక్టరు నచ్చక మానేసినా వాయిదాలు ఆగవు. మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు అని అడిగి చూడండి, నో కాస్ట్ అన్నదాని కాస్ట్ ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

నేనైతే ఇలా చేయమంటాను. ఆ 64,000 ఒక ముద్ద కాదు, విడగొట్టండి. రూట్ కెనాల్, క్యాప్, ఫిల్లింగులు, క్లీనింగ్ కలిపి 20,000. ఇవి ఈ వారమే మొదలుపెట్టాలి, సేవింగ్స్‌లోంచి కట్టాలి. రూట్ కెనాల్ ఒకటి రెండు సిట్టింగుల్లో అయిపోవడం మామూలే, క్యాప్ తయారై రావడానికి ఇంకో వారం పదిరోజులు వేసుకున్నా 23 రోజులు సరిపోతాయి, వచ్చే వారానికి వాయిదా వేస్తే మాత్రం ఇరుకవుతుంది. జ్ఞానదంతం ఇప్పుడే తీయాలా, ఆగొచ్చా అన్నది డెంటిస్ట్‌నే సూటిగా అడగండి, తీయాలంటే ఈ వారంలోనే తీయించుకోండి, ఎందుకంటే తీసిన మూడు నాలుగు రోజులకు గుంత ఎండి విపరీతంగా నొప్పి వచ్చే అవకాశం ఉంటుంది, అది చెన్నైలో ఉండగా వస్తే ఒకటి, సముద్రం మీద వస్తే ఇంకొకటి. ఇంప్లాంట్ ఎలాగూ ఎముకకు పట్టుకోవడానికి నెలలు పడుతుంది. ఎప్పుడో పోయిన పన్నుకు ఇంకో మూడు నెలలు ఆగితే పరవాలేదా అని అడిగి, సరే అంటే వచ్చాక చేయించండి. ధర ఎక్కువనిపిస్తే చెన్నై ఫోర్ట్ రైల్వే స్టేషన్ ఎదురుగా ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, క్యూ ఉంటుంది, ఖర్చు చాలా తక్కువ.

ట్రిప్ మానమని నేను అనను, డబ్బు కట్టేశారు, ఇంత దగ్గర్లో రద్దు చేస్తే పెద్దగా తిరిగిరాదు. కానీ 80,000 ఖర్చు ఎందుకు? తిండి, షోలు టికెట్టులోనే ఉన్నాయి. ఓడవాళ్లు అమ్మే టూర్లు మానేయండి. పెనాంగ్‌లో ఓడ ఆగేది జార్జ్‌టౌన్ ఒడ్డునే, దిగి నడిస్తే పాత ఊరు, లిటిల్ ఇండియా, 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న వీధులు, బాబుకు చూపించడానికి ఆ పూటకు అది చాలు. మొత్తం 25,000తో ముగించండి. పన్నుకు 20,000, ట్రిప్‌కు 25,000 పోగా సేవింగ్స్‌లో 17,000 మిగులుతుంది. జ్ఞానదంతం కూడా ఇప్పుడే అయితే 11,000.

ఇక నా అసలు గొడవ. సిప్ పోగా మీ ఇల్లు నడవడానికి నెలకు కావాల్సింది 1,10,900. ఈరోజు మీ ఇద్దరి జీతాలూ ఆగితే ఆ 62,000తో పదిహేడు రోజులు కూడా నిండవు. ఇలాంటి ఇంట్లో నెలకు 15,000 ఈక్విటీ సిప్ నడుస్తోందంటే అది పెట్టుబడి కాదు, ముచ్చట. 18 శాతానికి అప్పు తీసుకుంటూ ఫండ్ కాంపౌండింగ్ గురించి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అప్పు కూడా కాంపౌండ్ అవుతుంది, అదీ గ్యారంటీగా. ఫండ్లలోంచి ఏడాది దాటిన యూనిట్లు 1.5 లక్షలకు అమ్మేయండి, ఎలాగూ పాతవే ముందు పోతాయి. ఈక్విటీ ఫండ్లలో దీర్ఘకాలిక లాభం ఏడాదికి 1.25 లక్షల దాకా ఆదాయపు పన్ను లేదు, మీ లాభం ఆ దరిదాపుల్లో కూడా ఉండదు. ఆ డబ్బులో సగం స్వీప్-ఇన్ డిపాజిట్‌లో (సేవింగ్స్ ఖాతాకు కలిపి ఉండే ఎఫ్‌డీ), సగం లిక్విడ్ ఫండ్‌లో (తక్కువ రిస్కుతో స్వల్పకాలానికి డబ్బు దాచుకునే ఫండ్) పెట్టండి. లిక్విడ్ ఫండ్‌లో ఇన్‌స్టంట్ రిడెంప్షన్ (అడగగానే డబ్బు వెనక్కిచ్చే సదుపాయం) ఉన్నదే తీసుకోండి, 50,000 లేదా విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అది వెంటనే ఖాతాలోకి వస్తుంది. సిప్ ఆపి, ఆ 15,000కు మిగిలే 4,100 కలిపి నెలకు 19,100 అందులోకే మళ్లించండి. మూడు నెలల ఖర్చు, అంటే 3.33 లక్షలు, చేరడానికి తొమ్మిది నెలలు పడుతుంది, ఇంప్లాంట్ దీంట్లోంచే చేయిస్తే ఇంకో రెండు. అప్పటిదాకా సిప్ గురించి నన్ను అడగకండి. క్రూయిజ్ ఈఎంఐ అయిపోయాక ఆ 12,400 కూడా ఇటే, ఆరు నెలల ఖర్చు చేరేదాకా.

ఆఫీసుది కాక మీ పేరు మీద సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) ఒకటి, మీకు టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఒకటి ఉన్నాయా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. మూడు నెలల ఫండ్ కాగానే మొదటి పని అదే. బంగారం లోన్, పీఎఫ్ విత్‌డ్రాల్ ఈ మాత్రం ఖర్చుకు అక్కర్లేదు.

వెళ్లేటప్పుడు ఎక్స్‌రే ఫొటో, డెంటిస్ట్ రాసిచ్చిన మందులు, చీటీతో సహా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంచుకోండి, చెక్-ఇన్ సామానులో కాదు. అన్నీ చేయించుకున్నాక కూడా అక్కడ కొత్తగా నొప్పి వస్తే చికిత్సకు ముందే ఇన్సూరెన్స్ వాళ్ల అసిస్టెన్స్ నంబర్‌కు ఫోన్ చేసి, బిల్లు, డాక్టరు రాసిన కాగితం రెండూ తీసుకోండి.

ఒకవేళ ఈ జవాబు చదివేలోపే యాప్‌లో ఆ లోన్ నొక్కేసి ఉంటే, ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్‌కు కూలింగ్-ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకుని వెనక్కిచ్చేసే గడువు, ఉండాలి, కనీసం ఒక రోజు. ఆ గడువులోగా అసలు, ఆ రోజులకు పడే వడ్డీ కట్టేస్తే పెనాల్టీ ఉండదు, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వాళ్లు ఉంచుకోవచ్చు. గడువు ఎన్ని రోజులో లోన్‌తో వచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో, అంటే లోన్ షరతుల సారాంశ పత్రంలో, ఉంటుంది, ఈరోజే తెరిచి చూడండి.