పశుపోషణ ప్రశ్నలు – జవాబులు: సుబాబుల్ మేపితే బొచ్చు ఊడుతుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాకు సుబాబుల్ తోట ఉంది. కర్ర పేపరు మిల్లుకు పోతుంది, ఆకు మేకలకు వేస్తాం. ఈ ఎండాకాలం వేరే మేత దొరక్క పూర్తిగా అదే వేశాం. రెండు మేకలకు వీపు మీద బొచ్చు రాలుతోంది. 'అది విషం, ఆపెయ్యండి' అంటున్నారు ఊళ్లో. ఆపేయాలా?
– ఒక రైతు, కనిగిరి

జవాబు: మందకంతా ఆపక్కర్లేదండీ, తగ్గించండి చాలు. బొచ్చు రాలుతున్న ఆ రెండింటికి మాత్రం ఇవాళ్టి నుంచే మాన్పించి జొన్న చొప్ప, వేప, జమ్మి కొమ్మలు వేయండి. బొచ్చు మళ్లీ వస్తుంది.

ఊళ్లోవాళ్లు చెప్పిందాంట్లో నిజం ఉంది. సుబాబుల్ లేత చిగుళ్లలో, గింజల్లో మైమోసిన్ అనే పదార్థం ఎక్కువ. బొచ్చు పుట్టించే కణాలు పెరగకుండా అది అడ్డుపడుతుంది. పశువు పెద్దపొట్టలోకి (నెమరువేసే పశువుల కడుపులో మేత పులిసే మొదటి అర) వెళ్లాక అక్కడి సూక్ష్మజీవులు మైమోసిన్‌ను డీహెచ్‌పీ అనే ఇంకో పదార్థంగా మారుస్తాయి. అది థైరాయిడ్ గ్రంథి పని చెడగొడుతుంది. గొంతు దగ్గర వాపు కనిపించినా, చొంగ కారుతున్నా, మేత మానేసి చిక్కిపోతున్నా దగ్గర్లోని పశువైద్యుడికి చూపించండి.

ఈ డీహెచ్‌పీ విషయంలో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన మీకు చెప్పాలి. క్వీన్స్‌లాండ్‌లో సుబాబుల్ మేసిన పశువులు జబ్బు పడుతుంటే, హవాయిలో మేకలు అదే ఆకు తిని ఆరోగ్యంగా ఉన్నాయి. చెట్టు ఒకటే కాబట్టి తేడా పశువు పొట్టలోనే ఉండాలని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త అనుకున్నారు. ఆయన బృందం 1980ల్లో హవాయి మేకల పెద్దపొట్టలోని సూక్ష్మజీవులను తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించింది. డీహెచ్‌పీ ఆ పశువుల పొట్టలోనే విరిగిపోవడం మొదలైంది. తర్వాత ఆ పని చేసే బ్యాక్టీరియాను వేరుచేసి, 1992లో ఆయన పేరు మీదే సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. క్వీన్స్‌లాండ్ రైతులు ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని ప్రభుత్వ శాఖ దగ్గర కొని మందలో కొన్నిటికి తాగిస్తారు. కలిసి మేస్తుండగా మిగతావాటికీ అది అందుతుంది. మేత మీద నేను చదివిన పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మాంసకృత్తులున్న ఇంత మంచి మేతను విషమని పక్కన పడేయకుండా, పశువు పొట్టలో ఏముందో వెతికారు.

ఇక మీ తోట సంగతి. మొత్తం మేతలో సుబాబుల్ మూడో వంతు దాటనివ్వకండి. ఆకును ఎండబెట్టి వేస్తే మైమోసిన్ కొంత తగ్గుతుంది. గింజ ముదిరిన కాయలు వేయొద్దు. సంతలో కొత్తగా కొన్న మేకలకు ఒక్కసారిగా పెట్టకుండా కొద్దికొద్దిగా అలవాటు చేయండి. చూడి మేకలకు ఇంకా తక్కువ వేయండి. గుర్రాలకు, పందులకు మైమోసిన్‌ను మార్చే పెద్దపొట్ట ఉండదు కాబట్టి వాటికి అసలు వద్దు.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజిలాండ్‌లో ఉంటాడు. అక్కడ పచ్చికలో క్లోవర్ అనే పప్పుజాతి మేతమొక్క ఉంటే యూరియా తక్కువ పడుతుందట. గింజలు పంపుతానంటున్నాడు. మా గేదెలకు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పంపొద్దని చెప్పండమ్మా. పర్మిట్, క్వారంటైన్ పరీక్ష లేకుండా విదేశీ విత్తనం తేకూడదు. పైగా వాళ్ల తెల్ల క్లోవర్‌కు చల్లటి వాతావరణం కావాలి, మీ ఎండలకు నిలవదు. యూరియా మాట మాత్రం నిజమే. క్లోవర్ వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది.

న్యూజిలాండ్‌లో క్లోవర్ కథ కూడా సాఫీగా ఏం సాగలేదు. ఎర్ర క్లోవర్ బాగానే పెరిగేది గానీ గింజ సరిగా పట్టేది కాదు. దాని పూలగొట్టం లోతుకు నాలుక అందే కీటకాలు అక్కడ లేవు. 1885లో ఇంగ్లండు నుంచి బంబుల్‌బీలు, అంటే బొద్దుగా ఉండే ఒక రకం తుమ్మెదలను తెచ్చి వదిలాకే గింజ పట్టింది.

మన దేశంలో బాగా సాగయ్యే క్లోవర్ బర్సీం. 1904లో ఈజిప్టు నుంచి సింధ్‌కు వచ్చింది. పంజాబ్, హర్యానా గేదెలకు శీతాకాలమంతా అదే పచ్చిమేత. మీకు బర్సీం కన్నా పిల్లిపెసర, జనుము మేలు. వరి కోతకు ముందు చేలో చల్లితే మిగిలిన తడితోనే మొలుస్తాయి. ఇవీ పప్పుజాతివే, నత్రజని ఇవీ పట్టిస్తాయి.

ప్రశ్న: కొత్తగా డెయిరీ పెట్టాను. పొద్దున్నే కోసిన లేత లూసర్న్ (పప్పుజాతి పచ్చిమేత) వేస్తే ఒక ఆవుకు ఎడమ డొక్క ఉబ్బిపోయింది. చాలా టెన్షన్ పడ్డాను. డాక్టరు గారొచ్చి నూనె తాగిస్తే తగ్గింది. గ్యాస్‌కు నూనె ఎందుకు?
– ఒక యువ రైతు, షాద్‌నగర్

జవాబు: అది మామూలు గ్యాస్ కాదు బాబూ, నురగ. లేత లూసర్న్, క్లోవర్ ఆకుల్లోని మాంసకృత్తులు పెద్దపొట్టలో సబ్బు నురగలా పొంగుతాయి. గ్యాస్ ఆ బుడగల్లో చిక్కుకుని త్రేన్పుగా బయటికి రాలేదు. నూనె బుడగలను పగలగొడుతుంది. సూదితో గుచ్చినా ఇలాంటప్పుడు గ్యాస్ సరిగా రాకపోవడానికి కారణమూ నురగే. నూనె మీరే తాగించే ప్రయత్నం చేయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ఆవు దక్కదు.

సైన్‌ఫాయిన్, బర్డ్స్‌ఫుట్ ట్రెఫాయిల్ అనే మేత మొక్కలు తిన్న పశువులకు ఈ ఉబ్బరం రాదు. వాటిలోని టానిన్లు అనే వగరు పదార్థాలు మాంసకృత్తులను పట్టి ఉంచి నురగ కట్టనివ్వవు. తెల్ల క్లోవర్ ఆకులో టానిన్ దాదాపు లేదు. అందుకే న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు మరో జాతి క్లోవర్ జన్యువును అందులో చేర్చి ఆకులో టానిన్ పుట్టించారు.

మీరు మాత్రం ముందు ఎండు చొప్ప వేసి, తర్వాతే లూసర్న్ వేయండి. మంచు ఆరాక కోయండి. పూత మొదలయ్యాక కోసిన లూసర్న్‌తో ఉబ్బరం ఇంకా తక్కువ.